వానలో విల్లుతో జింక వేట: బాణం వదలాలా, ఆగాలా?

ప్రశ్న (సిరోంచ వాసి):
నాది మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డునున్న సిరోంచ. మా తమ్ముడు అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉంటూ, లైసెన్సు తీసుకుని, ఆకురాలు కాలంలో విల్లుతో తెల్లతోక జింకలను వేటాడుతుంటాడు. నిన్న సాయంత్రం తుంపరలో మంచె మీద కూర్చుని ముప్పై గజాల దూరంలోని జింకకు బాణం వేశాడట. బాణం తగిలింది, జింక పరుగు తీసింది, పావుగంటలో వాన జోరందుకుంది. అర్ధరాత్రి వరకు టార్చిలైటుతో వెతికినా జాడ దొరకలేదు. "అన్నం సయించడం లేదు అన్నయ్యా" అని ఫోనులో బాధపడ్డాడు. ఈకలు తడవడం వల్లే బాణం గురి తప్పిందని అతని అనుమానం. అది నిజమేనా? ఇప్పుడేం చేయాలి?

జవాబు (గుణుపురం వాడిని, ప్రస్తుతం ఒహాయో):
పక్షి ఈకలైతే తడిసి బాణానికి అంటుకుపోతాయి, అప్పుడు బాణం నిలకడ తప్పుతుంది. ప్లాస్టిక్ ఈకలకు ఆ బెడద లేదు. నేనైతే ముందు నారిలో గురి చూసే కన్నాన్ని అనుమానిస్తాను. అందులో ఒక్క నీటిబొట్టు నిలిచినా ఎదురుగా ఉన్నదంతా మసకబారుతుంది కనుక, నారి లాగే ముందు దాన్ని ఊదుకోవాలి.

అయితే వానలో అసలు చిక్కు బాణం వేయడంలో కాదు, వేశాక వెతకడంలో ఉంది. బాణం తగిలిన జింక నెత్తురు కారడం వల్లే చనిపోతుంది, కాబట్టి మంచి దెబ్బ తగిలినా కొంత దూరం పరుగెత్తే పడుతుంది. ఊపిరితిత్తులకు తగిలితే అరగంట ఆగి వెళ్లాలి, కడుపులో తగిలితే ఆరు నుంచి పన్నెండు గంటలు ఆగాలి. తొందరపడి వెంటబడితే పడుకున్న జింక లేచి మరింత దూరం పోతుంది. వాన ఆ ఆగే వ్యవధి ఇవ్వదు, నెత్తుటి చారను కడిగేస్తుంది. అందుకే గంటలోపు పెద్ద వాన వచ్చేట్టుంటే నేను బాణం వదలను. తుంపరలోనైనా ఇరవై గజాలు దాటితే వద్దనుకుంటాను, మీ తమ్ముడు ఏమనుకున్నా సరే. వాన వెలిసిన వెంటనే జింకలు మేతకు బయటికి వస్తాయి, ఆ గంట కోసం కాచుకోవడమే మేలు.

ఇప్పుడు ఆ చోటంతా తొక్కవద్దని చెప్పండి. అనుమానమున్న ఆకు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చల్లితే, కంటికి కనబడని నెత్తురున్నా తెల్లగా నురుగు వస్తుంది. పెన్సిల్వేనియాలో 2018 నుంచి తాడు కట్టిన కుక్కతో గాయపడిన జింకను వెతకడానికి అనుమతి ఉంది. వాన పడినా కుక్క వాసన పట్టగలదు. బాణం దొరికితే వాసన చూడమనండి. దుర్వాసన ఉంటే అది కడుపు దెబ్బే.

జవాబు (మల్కన్‌గిరి జిల్లా, మోటు):
మా దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం వేట నిషిద్ధం కాబట్టి, నేను విల్లు గురించే చెబుతాను. ఇక్కడ ఒక కోయ పెద్దాయన ఇంట్లో చూసిన వింటికి తాడు లేదు. సన్నగా చీల్చిన వెదురు బద్దే నారి, దాని రెండు కొసలను మాత్రం పీచుతో బిగించి కట్టారు. వానాకాలంలో దాన్ని పొయ్యి మీది అటుక మీదే ఉంచుతామని, పొగకు నల్లబడిన ఆ బద్దను వేలితో మీటి చూపించారు. అమెరికా విల్లుకు కృత్రిమ దారం నారి ఉంటుంది, అది అంతగా నీరు పీల్చదు గానీ దానికీ మైనం పూయాలి. ఇంకో మాట: తడిసిన మంచె మెట్లు జారతాయి, మీ తమ్ముడు భద్రతా పట్టీ కట్టుకుంటున్నాడో లేదో అడగండి.

ప్రశ్న అడిగిన సిరోంచ వాసి:
అన్నగార్లిద్దరికీ కృతజ్ఞతలు. అతనివి ప్లాస్టిక్ ఈకలేనట. కన్నం మసకగా ఉన్నా, చీకటి పడుతోందన్న తొందరలో వదిలేశానని ఇప్పుడు ఒప్పుకున్నాడు. బాణం పొద దగ్గర దొరికింది, దుర్వాసన వస్తోందట. కుక్క ఉన్నాయన తెల్లవారగానే వస్తానన్నాడు, అప్పటిదాకా బాణాన్ని కడగవద్దన్నాడు. పట్టీ సంగతి అడిగితే మాత్రం మావాడు మాట మార్చేశాడు.