ఫ్లోరైడ్, ఐక్యూ రిపోర్టు: బోరు లెక్క ఊరి పేరుతో బోర్డు మీద రాయాలా, వద్దా?

మునుగోడు మాష్టారు:
అమెరికాలో విష పదార్థాల మీద పరిశోధన చేసే ప్రభుత్వ విభాగం, నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ వాళ్లు 2024 ఆగస్టులో ఒక రిపోర్టు ఇచ్చారు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట్ల పిల్లల ఐక్యూ తక్కువగా కనిపిస్తోందని, ఈ మాట ఓ మోస్తరు నమ్మకంతో అనొచ్చని దాని సారాంశం. బాగా జరిగినవిగా వాళ్లు ఎంచిన 19 అధ్యయనాల్లో 18 ఇదే చెప్పాయి. అక్కడ చాలాచోట్ల పండ్లు (దంతాలు) పుచ్చకుండా నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతారు, అది 0.7. అంత తక్కువకు ఏమవుతుందో చెప్పడానికి ఆధారాలు చాలవన్నారు. వాళ్ల కొట్లాటంతా ఆ 0.7 మీదే. మన నల్లగొండ బోర్లు 1.5 దాటి ఎన్నో ఏళ్లయింది.

నల్లాల్లో ఇప్పుడు కృష్ణా నీళ్లొస్తున్నాయి, కాదనను. కానీ ఎండాకాలం నల్లా రాని రోజు అన్నం, పప్పు ఉడికేది బోరు నీళ్లతోనే. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైపోతాయి, అది గిన్నెలోనే ఉంటుంది. అందుకే నేననేది, బడి, అంగన్‌వాడీ, హాస్టల్, ఎక్కడ వంటకు బోరు వాడినా ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేయించాలి. వచ్చిన అంకెను ఊరి పేరుతో సహా పంచాయతీ బోర్డు మీద రాయాలి, ఆన్‌లైన్‌లోనూ పెట్టాలి. మీరేమంటారు?

బత్తాయి తోట:
వద్దంటా. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు ఇక లేవని 2020లో పార్లమెంటులోనే చెప్పారు. ఇన్నేళ్లూ కాళ్లు వంకర పోయినోళ్ల ఫొటోలు వేసి మా మండలాన్ని దేశమంతా చూపించారు. ఇప్పుడు ‘తెలివి తక్కువ ఊర్లు’ అని వేస్తారు. మీరే బోర్డు రాసిస్తానంటున్నారు.

టీడీఎస్ 60:
ఇంత కథ ఎందుకు సార్? టీడీఎస్ మీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతది. మా బోరు 640, ఆర్వో నీళ్లు 60. ఎవరి మీటర్ వాళ్లు కొనుక్కుంటే సరి.

ల్యాబ్ కోటు:
హైదరాబాద్‌లో నీటి కెమిస్ట్రీ మీద పీహెచ్‌డీ చేస్తున్నా. టీడీఎస్ మీటర్ నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి, కరిగిన ఉప్పులన్నీ కలిపి ఒక అంకె చెబుతుంది. 640లో ఫ్లోరైడ్ 1 ఉందో 4 ఉందో దానికి తెలియదు. పైగా మన గ్రానైటు నేలలో కాల్షియం తక్కువ, బైకార్బొనేట్ ఎక్కువ ఉన్న నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ కరిగి ఉంటుంది. కాల్షియం ఉంటే దాన్ని పట్టుకుని గట్టిపడేది. అందుకని నోటికి తియ్యగా తగిలే బోరును కూడా నమ్మొద్దు.

పరీక్షకు ఫ్లోరైడ్‌ను మాత్రమే కొలిచే ఎలక్ట్రోడ్ కావాలి. లేదా జిర్కోనియం రంగు ద్రావణం ఉన్న ఫీల్డ్ కిట్ చాలు. నీళ్లలో చుక్కలు వేస్తే గులాబీగా ఉంటుంది, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ పసుపు తిరుగుతుంది. పక్కన రంగుల కార్డు పెట్టి పోల్చుకోవడమే.

రిపోర్టు గురించి కూడా ఒక మాట. 2025 జనవరిలో జామా పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో 74 అధ్యయనాలను కలిపి చూసిన వ్యాసం వచ్చింది. మూత్రంలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము పెరిగితే ఐక్యూ 1.63 పాయింట్లు తక్కువ అని తేల్చారు. కానీ ఆ 74లో 52 అధ్యయనాలకు పొరపాట్లు దొర్లే ప్రమాదం ఎక్కువని వాళ్లే రాశారు. కాబట్టి రెండు వైపులా తొందరపడొద్దు.

టీడీఎస్ 60:
మా ఆర్వో ప్లాంట్ అన్న మీటర్ పెట్టే చూపిస్తాడు మరి. ఆయనకు తెలియదా?

ల్యాబ్ కోటు:
ఆర్వోలో ఉండే మెంబ్రేన్, అంటే వడపోత పొర, బాగుంటే ఫ్లోరైడ్ చాలావరకు ఆగుతుంది, అది వేరే మాట. ఆగిందో లేదో మీటర్ చెప్పదు అంటున్నా.

టీడీఎస్ 60:
60 ఉంటే అన్నీ పోయినట్టే కదా. లాజిక్.

పాలమూరు అక్క:
మా పాలమూరు బోర్లలోనూ ఫ్లోరైడ్ ఉంది. పేరు మాత్రం మీ జిల్లాకే వచ్చింది 😀

బత్తాయి తోట:
అదే నా బాధ అక్కా. 1955లోనే ఒక డాక్టర్ నల్లగొండ ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్‌తో వచ్చే జబ్బు) గురించి ఇంగ్లండ్ పత్రికలో వ్యాసం రాశాడు. తర్వాత నాగ్‌పూర్ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపే పద్ధతి కనిపెట్టి దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. ఆఫ్రికాలో కూడా వాడారంట. పేరూ మనదే, పటిక బురదా మనకే.

మునుగోడు మాష్టారు:
తమ్మీ, ఆ పద్ధతి ఎందుకు నిలబడలేదో కూడా చెప్పాలి కదా. ఒక్కో బోరు ఫ్లోరైడ్‌ను, క్షారతను బట్టి పటిక మోతాదు మార్చాలి. బోరు అంకె తెలియకుండా చేటతో పోస్తే అల్యూమినియం నీళ్లలో మిగిలిపోతుంది. అంకె దాచిపెడితే ఏ టెక్నిక్కూ పనిచేయదు. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ లెక్క ప్రకారం అసలు హద్దు 1, వేరే దిక్కు లేకపోతేనే 1.5. ఇప్పుడు నల్లా నీళ్లున్నాయి కాబట్టి మన హద్దు 1 అవ్వాలి.

బత్తాయి తోట:
1.5 అని మొదలుపెట్టి 1 దగ్గరికి తెచ్చారు. రేపు 0.7 అంటారు.

సాగర్ కాలువ:
పేరు పోతుందని ఆ రోజుల్లో ఎవరూ భయపడలేదు. 1996లో నల్లగొండ పార్లమెంటు సీటుకు 480 మంది పోటీలో నిలిచారు, నీళ్ల కోసం. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, ఎన్నికే వాయిదా పడింది. అప్పుడు దాక్కుని ఉంటే కృష్ణా నీళ్లు వచ్చేవా?

బత్తాయి తోట:
పెద్దాయనా, మీకు దండం. ఆ కాలంలో అడిగేది నీళ్లు. ఇప్పుడు నీళ్లొచ్చినయ్. ఇంకా ఎందుకు చాటింపు?

దేవరకొండ రోడ్డు:
చింతపండు తింటే ఫ్లోరైడ్ పోతుందంటారు, నిజమేనా?

ల్యాబ్ కోటు:
హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) వాళ్లు 2002లో ప్రచురించారు. అబ్బాయిలకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు ఇస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువ పోయింది. వంగిన ఎముక దాంతో నిటారు కాదు. పచ్చిపులుసు తాగండి, మంచిదే. బోరు మాత్రం పరీక్ష చేయించండి.

ఇక బత్తాయి అన్నా, మీరు భయపడుతున్నది సగటు గురించి. ఐక్యూ రెండు పాయింట్లు తగ్గడం అనేది వేల మంది పిల్లల లెక్క. ఒక పిల్లను చూసి ఎవరూ కనిపెట్టలేరు. పేదరికం, తిండి లోపం, అయోడిన్ లోపం ఇవన్నీ కూడా ఐక్యూను కిందికి లాగుతాయి. దీన్ని జనానికి అర్థమయ్యేలా చెబితే…

బత్తాయి తోట:
చెబుతావా? ఎక్కడ చెబుతావ్ తమ్మీ, పెళ్లిచూపుల్లో చెబుతావా? మా చెల్లెను చూడడానికి వచ్చినోళ్లు ఊరి పేరు వినే వచ్చారు. చాయ్ తాగి, ఆ పెద్దమనిషి ‘ఒకసారి నవ్వు బిడ్డా’ అన్నాడు. పండ్ల మీద ఫ్లోరైడ్ మచ్చలున్నాయేమో చూడడానికి. అది ముందు అర్థం కాక నవ్వింది, తర్వాత అర్థమై లోపలికి పోయింది. దానికి ఒక్క మచ్చ లేదు. మేం బోరు నీళ్లు మానేసి ఎన్నేళ్లయిందో వాళ్లు అడగలేదు. సగటు అంట. మీరు రాసే సగటు మా ఇంటి గడప మీద వచ్చి కూర్చుంటది. రేపు పెళ్లిచూపుల్లో పండ్లతో ఆపరు, లెక్కలు అడుగుతారు.

పాలమూరు అక్క:
😔

టీడీఎస్ 60:
బాధాకరం అన్నా. కానీ మీటర్…

సాగర్ కాలువ:
మీటర్ పక్కన పెట్టవయ్యా కాసేపు.

మునుగోడు మాష్టారు:
తమ్మీ, నువ్వు చెప్పింది చిన్న విషయం కాదు. నాదీ విను. మా బడికి ఒక జట్టు వచ్చింది. ఎవరన్నది వద్దు. పిల్లల చేతికి చిన్న ప్లాస్టిక్ సీసాలిచ్చి మూత్రం పట్టించారు. మార్కర్‌తో ఒక్కో సీసా మీద పేరు నేనే రాశా, ఎందుకంటే వాళ్లకు మన ఇంటిపేర్లు రాయడం రాలేదు. పండ్ల ఫొటోలు తీశారు. బోరు నీళ్లు రెండు క్యాన్లు పట్టుకెళ్లారు. తల్లులతో సంతకాలు, వేలిముద్రలు పెట్టించింది నేను. తర్వాత ఒక్క కాగితం రాలేదు. వ్యాసం అచ్చయిందో, ఎవరికైనా డిగ్రీ వచ్చిందో తెలియదు. ఒక తల్లి నన్ను బజార్లో ఆపి ‘మా వాడిది ఎంత వచ్చింది సారూ’ అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఆ అంకె ఆమెది. అందుకే బోర్డు అంటున్నా. అమెరికా రిపోర్టు నాకు ఒక సాకు మాత్రమే.

ల్యాబ్ కోటు:
సార్, అది మా రంగంలో ఉన్న జబ్బే. అనుమతి కాగితంలో ‘ఫలితాలు తెలియజేస్తాం’ అని ఉంటుంది. కానీ వాళ్లకు తిరిగి వచ్చే దారి ఖర్చు ఏ ప్రాజెక్టు బడ్జెట్‌లోనూ ఉండదు.

బత్తాయి తోట:
అయితే సారూ, మన ఇద్దరికీ కోపం ఒకరి మీదే. కానీ మీ మందు నాకు పనికిరాదు. తల్లికి చెప్పండి, ఆ బోరు వాడే ఇళ్లకు చెప్పండి. ఊరి పేరు ఆన్‌లైన్‌లో ఎందుకు? అంకె మాది అంటున్నారు కదా, మరి లోకానికి చూపించాలా వద్దా అనేది కూడా మాదే.

మునుగోడు మాష్టారు:
అందరికీ కనబడేచోట లేకపోతే ఆఫీసులో ఎవరూ కదలరు. ఊళ్లో మాత్రమే ఉన్న అంకెకు ఎవరు భయపడతారు? చౌటుప్పల్ దగ్గర ఫ్లోరైడ్ పరిశోధన కేంద్రం అన్నారు, ఎంతకాలం ఎదురుచూశాం?

బత్తాయి తోట:
అందరికీ కనబడ్డన్ని రోజులూ ఎవరు కదిలారు? ఫొటోలు తీసుకుని పోయారు. ఇంటింటికీ చీటీ ఇవ్వండి, నేనూ తిరుగుతా మీతో. ఆన్‌లైన్ మాత్రం ఒప్పుకోను.

మునుగోడు మాష్టారు:
చీటీ ఇస్తామనే సీసాలు పట్టుకెళ్లారు తమ్మీ.

దేవరకొండ రోడ్డు:
బడి బోరు వరకు బోర్డు పెట్టి, ఇళ్ల బోర్లకు చీటీలు ఇస్తే?

బత్తాయి తోట:
బడి పేరులో ఊరి పేరు ఉంటది కదన్నా.

టీడీఎస్ 60:
ల్యాబ్ కోటు గారూ, ఆ పసుపు తిరిగే కిట్ ఎక్కడ దొరుకుతది? ఊరికే అడుగుతున్నా, మీటర్ మీద నాకు నమ్మకమే.