విండోస్ 11 పక్కన ఉబుంటు: సీ డ్రైవ్ ష్రింక్ అవ్వట్లేదు

ప్రశ్న:
512 జీబీ ఎస్ఎస్‌డీ, మొత్తం ఒకటే సీ డ్రైవ్. 290 జీబీ ఖాళీ ఉంది. విండోస్‌తో పాటు ఉబుంటు (లినక్స్) కూడా వేసుకోవడానికి సీ డ్రైవ్‌ను ష్రింక్ చేసి (కుదించి) 100 జీబీ తీద్దామంటే, విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ 18 జీబీకి మించి ఇవ్వట్లేదు. వేరే పార్టిషన్ సాఫ్ట్‌వేర్ వాడొచ్చా? ఉన్న ఫైళ్లు పోకూడదండీ.

జవాబు 1:
అక్కర్లేదండీ. డ్రైవ్ చివర్లో కదలని ఫైలు ఏదో ఉంది, విండోస్ దాన్ని దాటి ష్రింక్ చేయలేదు. అదేమిటో ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి 259 నంబరు ఈవెంట్‌లో చూడండి, పేరుతో సహా ఉంటుంది. ఎక్కువగా హైబర్నేషన్ ఫైలో, పేజ్ ఫైలో (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునేది), రిస్టోర్ పాయింట్లో అయి ఉంటాయి. మూడూ ఆఫ్ చేసి, రీస్టార్ట్ చేసి, మళ్లీ ష్రింక్ నొక్కండి. అక్కడ లెక్క ఎంబీల్లో అడుగుతుంది: 100 జీబీకి 102400. వచ్చిన ఖాళీని అన్‌అలొకేటెడ్‌గానే (పార్టిషన్ చేయకుండా) వదిలేయండి. పని అయ్యాక పేజ్ ఫైలు మళ్లీ ఆన్ చేసుకోండి, హైబర్నేషన్ మీద నడిచే ఫాస్ట్ స్టార్టప్ మాత్రం వద్దు. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు. అప్పుడు ఉబుంటు నుంచి సీ డ్రైవ్‌లో ఏదైనా రాస్తే ఫైల్ సిస్టమ్ పాడవుతుంది.

వీటన్నిటికన్నా ముందు బ్యాకప్ బయటి డిస్క్‌లోకి తీయండి. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. హోమ్ ఎడిషన్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో అది ఆన్‌లో ఉండొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
259లో పేజ్ ఫైలే కనిపించింది. అది తీసేశాక 102400 ఇచ్చింది, థ్యాంక్సండీ. ఇప్పుడు ఉబుంటు ఇన్‌స్టాలర్‌లో అసలు డిస్కే కనబడట్లేదు.

జవాబు 2:
ఇంటెల్ ల్యాప్‌టాప్ అయితే బయోస్‌లో ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ (ఇంటెల్ స్టోరేజ్ మోడ్‌లు) ఆన్‌లో ఉందేమో చూడండి. దాన్ని నేరుగా ఏహెచ్‌సీఐకి (మామూలు డిస్క్ మోడ్) మార్చారంటే విండోస్ బ్లూ స్క్రీన్‌తో ఆగిపోతుంది. ముందు బిట్‌లాకర్ సస్పెండ్ చేసి, ఎంఎస్‌కాన్ఫిగ్‌లో (విండోస్ బూట్ సెట్టింగుల టూల్) సేఫ్ బూట్ టిక్ పెట్టి, ఆ తర్వాత బయోస్‌లో మార్చండి. విండోస్ ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచాక టిక్ తీసేయండి.

జవాబు 3:
ఇన్‌స్టాలర్‌లో ‘ఎరేజ్ డిస్క్’ జోలికి వెళ్లకండి. మాన్యువల్ ఎంచుకుని, ఆ 100 జీబీలో ఈఎక్స్‌టీ4తో (లినక్స్ ఫైల్ సిస్టమ్) రూట్ పార్టిషన్ (ఉబుంటు మొత్తం ఉండేది) ఒక్కటి చాలు. స్వాప్ ఫైలు (విండోస్ పేజ్ ఫైలు లాంటిది) ఉబుంటు అదే పెట్టుకుంటుంది. 100 ఎంబీ లేదా కాస్త ఎక్కువ ఉండే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను వాడుకోనివ్వండి, ఫార్మాట్ మాత్రం చేయొద్దు: విండోస్ బూట్‌లోడర్ ఉండేది అందులోనే.

తర్వాత విండోస్‌లో గడియారం 5:30 గంటలు వెనక్కి పోతే కంగారు పడకండి. కంప్యూటర్ లోపలి గడియారాన్ని ఉబుంటు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం), విండోస్ లోకల్ టైమ్‌లో లెక్కపెట్టడం వల్ల వచ్చే తేడా అది. ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 (timedatectl set-local-rtc 1) అని ఇస్తే సరిపోతుంది.