ప్రొఫెసర్ పేరుతో పార్ట్‌టైమ్ జాబ్ మెయిల్ వచ్చింది, నమ్మొచ్చా?

అందరికీ నమస్కారం. ఎంఎస్ చేయడానికి ఈ నెలలోనే డాలస్ వచ్చాను. మా యూనివర్సిటీ ప్రొఫెసర్ పేరుతో రిసెర్చ్ అసిస్టెంట్ జాబ్ అని మెయిల్ వచ్చింది. ఇంటి నుంచే పని, వారానికి 400 డాలర్లట. పాస్‌పోర్టు కాపీ, బ్యాంకు వివరాలు, ఎస్‌ఎస్‌ఎన్ (ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే తొమ్మిదంకెల సోషల్ సెక్యూరిటీ నంబర్) పంపమన్నారు. సామాన్లు కొనడానికి ముందే చెక్కు పంపుతారట. ఖర్చులకి కటకటగా ఉంది. పంపమంటారా?

—

ఏమీ పంపకమ్మా. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఎస్‌ఎస్‌ఎన్ కావాలంటే ముందు క్యాంపస్ జాబ్ లెటర్ చేతికి రావాలి. జాబే లేకుండా ఆ నంబర్ అడుగుతున్నాడంటేనే తెలిసిపోతోంది. ప్రొఫెసర్ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఆ పేరు మీద నొక్కి అసలు అడ్రస్ చూడు. చివర డాట్ ఈడీయూ ఉన్నా నమ్మేయకు, వేరే స్టూడెంట్ అకౌంట్ కొట్టేసి అందులోంచి పంపుతుంటారు. డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళి నేరుగా అడుగు.

మన పిల్లలు ఎక్కువగా మునిగేది ఆ చెక్కు దగ్గరే. ఇండియాలో చెక్కు క్లియరైతేనే డబ్బు పడుతుంది. ఇక్కడ చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లోనే బ్యాంకు వాడుకోనిస్తుంది. బ్యాలెన్స్‌లో కనపడేసరికి డబ్బు వచ్చేసిందనుకుంటాం. అప్పుడు వాడు, "నీ జీతం ఉంచుకుని మిగతా డబ్బుకి గిఫ్ట్ కార్డులు కొను, వెనక గీకి నంబర్లు ఫోటో తీసి పంపు" అంటాడు. చెక్కు దొంగదని తేలడానికి వారాలు కూడా పట్టొచ్చు. తేలాక బ్యాంకు ఆ మొత్తం నీ అకౌంట్‌లోంచే తీసేసుకుంటుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఫీజు డబ్బు అలా పోతుంది. మొదటి ఏడాది క్యాంపస్ బయట పని చేయకూడదు కదా అని, మోసపోయిన పిల్లలు ఎవరికీ చెప్పుకోరు. నాకు బాధనిపించేది అదే. ఏదైనా జరిగితే వెంటనే బ్యాంకుకీ, ఇంటర్నేషనల్ ఆఫీసుకీ చెప్పాలి.

—

థ్యాంక్స్ అన్నా, ఇంకా ఏమీ పంపలేదు. ఎస్‌ఎస్‌ఎన్ వచ్చాక ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు? అదే టెన్షన్.

—

చెల్లీ, కార్డు ఇంట్లోనే దాచుకో, పర్సులో పెట్టుకుని తిరగకు. రేపు ఓపీటీకి (చదువుకి సంబంధించిన ఉద్యోగం చేయడానికిచ్చే అనుమతి) వచ్చేసరికి రిక్రూటర్లు "వెండార్‌కి (మధ్యలో ఉండే కంపెనీకి) సబ్మిట్ చేయాలి, పాస్‌పోర్టు, పుట్టినతేదీ, ఎస్‌ఎస్‌ఎన్ పంపు" అంటూ మెయిల్స్ పెడతారు. మనవాళ్ళే, తెలుగులోనే మాట్లాడతారు కాబట్టి కాదనలేం. అయినా కాదనాలి. జాబ్ ఖాయమయ్యాక, చేరేటప్పుడు కంపెనీ ఇచ్చే ఐ-9 ఫారం నింపేటప్పుడు ఇస్తే సరిపోతుంది.

ఆ తొమ్మిది అంకెలూ పుట్టినతేదీ దొరికితే నీ పేరున కార్డులు తీస్తారు, నీకంటే ముందే ట్యాక్స్ రిటర్న్ వేసి రీఫండ్ కొట్టేస్తారు. అందుకే మొదటి క్రెడిట్ కార్డు వచ్చాక మన అప్పుల రికార్డు ఉంచే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటిలోనూ క్రెడిట్ ఫ్రీజ్ పెట్టుకో, అంటే నీ పేరున కొత్త అప్పు ఎవరూ తీయకుండా తాళం వేసినట్టు. 2018 సెప్టెంబర్ నుంచి ఇది ఉచితం. కొత్త కార్డో, కారు లోనో కావాల్సినప్పుడు ఆన్‌లైన్‌లో తీసేస్తే గంటలో తెరుచుకుంటుంది. ఇంకొకళ్ళు నీ పేరున ట్యాక్స్ రిటర్న్ వేయకుండా ఐఆర్‌ఎస్ (ఇక్కడి ఆదాయపు పన్ను శాఖ) ఆరంకెల ఐపీ పిన్ ఇస్తుంది, అదీ తీసుకో. ఇప్పటికే ఎవరైనా నీ వివరాలు వాడేశారనిపిస్తే ఐడెంటిటీథెఫ్ట్ డాట్ గవ్‌లో రిపోర్ట్ చెయ్. అది ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళ సైటు, ఏం చేయాలో వరసగా చెప్తుంది.

ఆ మెయిల్ డిలీట్ చేయకు. ఈరోజే యూనివర్సిటీ ఐటీ వాళ్ళకి ఫార్వర్డ్ చెయ్. నీతో పాటు దిగినవాళ్ళకి కూడా అదే మెయిల్ వచ్చి ఉంటుంది, వాళ్ళ వాట్సాప్ గ్రూపులో కూడా చెప్పు.