తొలకరి వానకు చీనీ (బత్తాయి) ఆకు మాడిపోతాంది, ఇది యాసిడ్ వాన కాదా?

చీనీతోట_ఎర్రగుంట్ల:
అన్నలూ, మొన్న తొలి వాన పడింది కదా, మూడో రోజుకంతా మా తోటలో ఆకు అంచులు మాడి మచ్చలు పడినాయి, పిందె రాలిపోతాండాది. రెండు కిలోమీటర్లలో సిమెంటు ఫ్యాక్టరీ ఉండాది, పేరు రాయను, రాస్తే నా మీదికే వస్తారు. వచ్చి చూసిన ఆయనేమో తెగులు అని మందు రాసిచ్చి పోయినాడు. ఇది యాసిడ్ వానే అని నేనంటాండా. తెలిసినోళ్ళు చెప్పండి.

ఉగ్గాని_బజ్జీ:
యాసిడ్ వానే అన్నా. ఇంకేం చెప్పల్ల.

రిటైర్డ్_కెమిస్ట్రీ:
కాదు నాయనా. ముప్పై ఏండ్లకు పైగా కెమిస్ట్రీ చెప్పినోణ్ణి, వినండి. బొగ్గు, డీజిల్ కాలితే గంధకం, నత్రజని వాయువులు పైకి పోతాయి, అవి గాలిలో తేమతో కలిసి సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలవుతాయి, వానతో దిగుతాయి. మామూలు వాన కూడా కొంచెం పులుపే, గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కాబట్టి పీహెచ్ 5.6 దాకా ఉంటుంది (పీహెచ్ అంటే పులుపు కొలత, ఏడు అయితే పులుపూ కాదు క్షారమూ కాదు, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). ఆ పులుపుకే లక్షల ఏండ్లలో సున్నపురాయి కరిగి బెలూం గుహలు తొలుచుకున్నాయి. అంతకంటే తగ్గితేనే యాసిడ్ వాన. మన గాలిలో సున్నపు దుమ్ము ఎక్కువ, సిమెంటు ఫ్యాక్టరీల పక్కనైతే ఇంకా ఎక్కువ. సున్నం ఆమ్లాన్ని చంపేస్తుంది. మీ తోట మీద పడేది యాసిడ్ అయ్యేదానికంటే క్షారం అయ్యేదానికే అవకాశం ఎక్కువ.

చీనీతోట_ఎర్రగుంట్ల:
సార్, అయితే ఆకు ఎందుకు మాడింది? మీరు చెప్పిన బెలూం గుహ నా చెట్టు మీద లేదు కదా. ఫ్యాక్టరీలో పొగ వస్తాండాదా లేదా? ఆ పొగలో గంధకం లేదా?

అనంత_పిల్ల:
సార్ చెప్పింది కడప నేలకు సరే. మా అనంతపురం ఎర్ర నేలల కింద గ్రానైటు రాయి, అందులో సున్నం యాడుంది? స్వీడన్, నార్వేల్లో చెరువుల్లో చేపలు చచ్చిపోయింది కూడా గ్రానైటు నేలల్లోనే. ఆమ్లానికి మట్టిలోని అల్యూమినియం కరిగి నీళ్ళలోకి వచ్చి చేపల మొప్పలకు పట్టుకున్నది. ఆ గంధకంలో చాలా భాగం వాళ్ళది కూడా కాదు, బ్రిటన్ నుంచీ వేరే దేశాల నుంచీ గాలికి వచ్చింది.

రిటైర్డ్_కెమిస్ట్రీ:
అమ్మాయి కరెక్ట్. పొగ గొట్టం ఎంత ఎత్తు కడితే ఆమ్లం అంత దూరం పోయి పడుతుంది. కెనడాలో సడ్బరీ దగ్గర 1972లో 381 మీటర్ల గొట్టం లేపినారు, ఊరి గాలి బాగుపడింది, దూరం ఊర్లకు తగులుకుంది. అందుకే ఫ్యాక్టరీ పక్కనోళ్ళు యాసిడ్ వాన అనుకునేది చాలాసార్లు దుమ్మే అవుతుంది. పైగా సిమెంటు బట్టీలో గంధకాన్ని అక్కడున్న సున్నమే చాలావరకు పట్టుకుంటుంది. నత్రజని వాయువులు మాత్రం గట్టిగానే వస్తాయి, అది దాచను, 1400 డిగ్రీలకు పైన మండుతుంది మరి.

చీనీతోట_ఎర్రగుంట్ల:
దాచను అంటాండారు, మీ కొడుకు ఆ ఫ్యాక్టరీలోనే పని చేస్తాండేది కూడా చెప్పండి మరి. ఇంతకు ముందు మీరే ఈడ రాసినారు.

ఉగ్గాని_బజ్జీ:
😳

తాడిపత్రి_తమ్ముడు:
ఏందన్నా ఇది, ఇంట్లోవాళ్ళ మీదికి పోవద్దు.

రిటైర్డ్_కెమిస్ట్రీ:
చేస్తాడు. ఫిట్టరు. వాడు రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చి దగ్గుతాంటే మిద్దె మీద పండుకున్నోణ్ణి నేను లేస్తా. దుమ్ము సంగతి నాకు చెప్పొద్దు. ఇరవై ఏండ్ల కిందట మా ఊరోళ్ళం కూడా యాసిడ్ వాన అనే అర్జీ పెట్టినాం, రాసిందే నేను. వాళ్ళొచ్చి వాన నీళ్ళు పట్టి కొలిచినారు, పీహెచ్ ఏడు దాటింది, "మీ నీళ్ళు కుళాయి నీళ్ళకంటే మేలు" అని నవ్వుకుంటా జీపెక్కి పోయినారు. దుమ్ము ఎవరూ కొలవలేదు, మేము దుమ్ము అని రాయలేదు కాబట్టి. అందుకే చెప్తాండా, తప్పు పేరు పెడితే వాళ్ళ పని మనమే సులభం చేసినట్టు.

చీనీతోట_ఎర్రగుంట్ల:
సార్ ఇంట్లోవాళ్ళ మాట ఎత్తినందుకు తప్పే. కానీ నేను కూడా మూడేండ్లు దుమ్ము దుమ్ము అని తిరిగినా. దుమ్ము అంటే ఎవరికీ లెక్కలేదు సార్, రాయలసీమలో దుమ్ము కాకపోతే ఏముంటుంది అంటారు. యాసిడ్ అంటే పేపరోళ్ళన్నా వస్తారు. తాజ్ మహల్ పసుపు రంగుకు తిరుగుతాందని 1996లో సుప్రీంకోర్టు 292 ఫ్యాక్టరీలను గ్యాసుకు మారండి లేదంటే యాడికన్నా పోండి అనింది. నా చీనీ చెట్టుకు ఎవరంటారు? 

తాడిపత్రి_తమ్ముడు:
థర్మల్ ప్లాంట్లకు గంధకం పట్టే మిషన్లు పెట్టల్లని 2015లో రూలు తెచ్చి, గడువు జరుపుకుంటా జరుపుకుంటా వచ్చి, 2025లో చాలావాటికి అక్కర్లేదనేసినారు. మన బొగ్గులో గంధకం తక్కువ అంట. యాసిడ్ అని అరిచినా అంతే.

రిటైర్డ్_కెమిస్ట్రీ:
బొగ్గులో గంధకం తక్కువనేది నిజమే, కాల్చే బొగ్గు తక్కువ కాదు కదా. సరే అది ఇంకో తగువు. నాయనా, ఒక పని చెయ్. ఆకు మీద బూడిద రంగు పెచ్చు కట్టిందా? గోరుతో గీకితే ఊడొస్తుందా?

చీనీతోట_ఎర్రగుంట్ల:
వస్తాండాది. గోడకు కొట్టిన సున్నం పెచ్చు మాదిరి. కింద ఆకు పచ్చగా లేదు, తెల్లబోయి ఉండాది.

రిటైర్డ్_కెమిస్ట్రీ:
ఆ పెచ్చును ప్లేటులో వేసి నిమ్మకాయ పిండు. నురగ వస్తే సున్నం. వంటింట్లో కడప బండ మీద నిమ్మరసం పడితే తెల్ల మచ్చ పడుతుంది చూడు, అదే సంగతి. ఎండాకాలమంతా ఆకు మీద పేరుకున్న దుమ్ము నాలుగు చినుకులకు తడిసి గట్టిపడుతుంది. ఆకుకు ఊపిరాడదు. జోరు వానైతే కడుక్కునే పోయేది. వాన నీళ్ళు కూడా పట్టు, చెట్టు కింద కాదు, మిద్దె మీద స్టీలు గిన్నెలో.

ఉగ్గాని_బజ్జీ:
మా ఇంట్లో బండంతా మచ్చలే, యాసిడ్ వాన మా వంటింట్లోనే పడతాండాది 😂

చీనీతోట_ఎర్రగుంట్ల:
పిండినా సార్. బుస్సుమని పొంగింది. ఉన్న ఒక్క నిమ్మకాయ దీనికి పిండేసినావని మా ఇంటామె ఒకటే తిట్లు. ఇప్పుడు అర్జీలో ఏమని రాయల్ల?

రిటైర్డ్_కెమిస్ట్రీ:
సున్నపు దుమ్ము అని రాయి. ఆకులు కవర్లో పెట్టి జతచెయ్. యాసిడ్ అనే మాట కొట్టెయ్.

చీనీతోట_ఎర్రగుంట్ల:
రెండూ రాస్తా సార్. పైన యాసిడ్, కింద దుమ్ము.

రిటైర్డ్_కెమిస్ట్రీ:
మళ్ళా మొదటికొచ్చినావ్.