అప్‌డేట్: జపనీస్‌లో లిపి ముందా, మాటలు ముందా?
విజయనగరంలో నేర్పేవారు దొరకక ఆన్‌లైన్‌లో జపనీస్ మొదలుపెడుతూ, ఇంగ్లీషు అక్షరాలతో మాటలు నేర్చుకోవాలా, లిపితోనే ఆరంభించాలా అని మూడు నెలల క్రితం అడిగాను. లిపే ముందన్న మీ సలహా పాటించాను. గంటస్తంభం దగ్గర కొన్న లెక్కల గళ్ల పుస్తకంలో దిద్దగా, జపనీస్ మూల అక్షరమాల అయిన హిరగానాలోని 46 అక్షరాలూ మూడు వారాల్లో పట్టుబడ్డాయి. పరభాషా పదాలు రాసే రెండో అక్షరమాల కటకానాలో 'షి', 'త్సు' మాత్రం నేటికీ తికమక పెడుతున్నాయి: మొదటిదానిలో పెద్ద గీత కింది నుంచి పైకి లేస్తుంది, రెండోదానిలో పై నుంచి కిందికి దిగుతుంది, చేతిరాతలో ఆ తేడా ఇట్టే చెరిగిపోతుంది. వాక్యనిర్మాణం మనదే అనిపించింది. 'గోహన్ ఒ తబెమాసు' అంటే 'అన్నాన్ని తింటాను', ఆ 'ఒ' అచ్చం మన ద్వితీయా విభక్తి. నిత్యవ్యవహార కాంజీలు (చైనా లిపి నుంచి వచ్చిన, అర్థాన్ని సూచించే అక్షరాలు) 2,136 ఉండగా, నాకు వచ్చినవి అరవై.