‘దేశభక్తి చాలదు’: ఆ వాక్యంలో ‘ఒక్కటే’ ఉన్నదా, లేదా?

గుంటూరు సభ్యుడు: ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదిలోనో ఉపవాచకంలో చదివిన ఒక వాక్యం వారం రోజులుగా నన్ను వదలడం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు కాల్చిచంపిన బ్రిటిష్ నర్సు ఎడిత్ కావెల్ పాఠం చివర, మరణానికి ముందు రాత్రి ఆమె మతగురువుతో అన్న మాటలు రెండు వాక్యాలుగా ఉండేవి. రెండోది స్పష్టంగా గుర్తుంది: ‘నా మనసులో ఎవరి మీదా ద్వేషం గానీ కసి గానీ ఉండరాదు.’ మొదటిదే తేలడం లేదు. ఒకసారి ‘దేశభక్తి చాలదు’ అని వినిపిస్తుంది, మరొకసారి ‘దేశభక్తి ఒక్కటే చాలదు’ అని వినిపిస్తుంది. మా తెలుగు మాస్టారు ఆ వాక్యం మధ్యలో కొంతసేపు ఆగేవారు. ఆయన ఆగింది ‘దేశభక్తి’ తరువాతనా, ‘ఒక్కటే’ తరువాతనా అన్నది చెప్పలేకపోతున్నాను. పుస్తకం నా దగ్గర లేదు. ఎవరికైనా గుర్తుంటే దయచేసి చెప్పండి.

విజయనగరం సభ్యుడు: ‘ఒక్కటే’ ఉంటే అది అనువాదకుడు చేర్చినదే. 1915 అక్టోబరు 11 రాత్రి బ్రస్సెల్స్‌లోని సేంట్ జీల్ జైలు గదిలో ఆమె స్టర్లింగ్ గాహన్ అనే ఆంగ్లికన్ మతగురువుతో అన్న మాటలో ‘మాత్రమే’ అని అర్థమిచ్చే పదమేదీ లేదు. దైవం ఎదుట, అనంతకాలం ఎదుట నిలబడి చెబుతున్నానని మొదలుపెట్టి, దేశభక్తి చాలదని తాను గ్రహించానన్నది. అంత బరువున్న మాటకు మనం ఊతకర్ర ఇవ్వవలసిన అవసరం లేదు. మూలంలో లేని ‘ఒక్కటే’ను పెడితే ఆ వాక్యం సభలో ఉపన్యాసకుడు చెప్పే హితవులా మారుతుంది, అది లేకపోతే, తెల్లవారితే తుపాకుల ముందు నిలబడబోయే మనిషి తనకు తాను చెప్పుకున్న మాటగా మిగులుతుంది.

వరంగల్ సభ్యురాలు: మాస్టారూ, మూలంలో లేదన్న మాట నిజమే కాని, తెలుగు క్రియ స్వభావాన్ని కూడా చూడవలసి ఉంటుంది. ‘కూరలో ఉప్పు చాలదు’ అంటాం. ఉప్పుకు శక్తి లేదని కాదు, ఉప్పు తక్కువైందని దాని అర్థం. ‘పెళ్ళికి డబ్బు చాలదు’ అన్నా అంతే. ఆ లెక్కన ‘దేశభక్తి చాలదు’ అని విడిగా రాస్తే, ఉన్న దేశభక్తి తక్కువైంది, ఇంకా కావాలి అన్న అర్థం కూడా వస్తుంది. ఆమె అన్నదానికి అది పూర్తిగా ఎదురు అర్థం. ఇంగ్లీషు వాక్యంలో ఆ ప్రమాదం లేదు, తెలుగులో ఉంది. అందువల్ల ‘ఒక్కటే’ పెట్టిన అనువాదకుడు వాక్యానికి కొత్త అర్థమేదీ చేర్చలేదని, తెలుగు క్రియ తెచ్చిపెట్టే తప్పుడు అర్థాన్ని మూసివేశాడని నేను భావిస్తున్నాను.

విజయనగరం సభ్యుడు: అమ్మా, ఉప్పు ఉదాహరణ బాగుంది, దానికి జవాబు మా ఊరి కవి దగ్గరే ఉంది. గురజాడ ‘దేశమంటే మట్టి కాదోయ్’ అన్నాడు, ‘మట్టి మాత్రమే కాదోయ్’ అనలేదు. ఈనాడు వేదికల మీద ఆ పాదాన్ని ‘దేశమంటే మట్టి మాత్రమే కాదు’ అని సవరించి చెప్పేవారిని చాలామందిని విన్నాను, విన్న ప్రతిసారీ బాధపడ్డాను. ఆ వెంటనే ‘దేశమంటే మనుషులోయ్’ అన్న పాదం వస్తుంది కనుక మొదటి పాదానికి కాపలా అవసరం లేకపోయింది. కావెల్ మాటకూ అదే వరుస ఉంది. మొదటి వాక్యం తలుపు తీస్తుంది, ద్వేషం ఉండరాదన్న రెండో వాక్యం లోపలికి తీసుకుపోతుంది. రెంటినీ కలిపి చదివినవారెవరూ ఉప్పు తక్కువైన కూరను తలుచుకోరు. ఆ గేయం పేరు కూడా ‘దేశభక్తి’యే. రాసింది 1910లో. ఆమెను కాల్చిచంపిన 49 రోజులకు, అదే 1915 నవంబరు 30న, ఆయన కన్నుమూశాడు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశం లేదు, అయినా ఆ మాటను ఇద్దరూ ఒకే కాలంలో ఒకే వైపు నుంచి తట్టి చూశారని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

తెనాలి సభ్యుడు: గురజాడ ‘మాత్రమే’ వాడకపోవడానికి ఛందస్సు కూడా కారణం అయి ఉండవచ్చు. ‘దేశమంటే’ ఏడు మాత్రలు, ‘మట్టికాదోయ్’ ఏడు మాత్రలు. ముత్యాలసరం అనే ఆ గేయ ఛందస్సు నడకలో మరొక ఐదు మాత్రల ‘మాత్రమే’కు చోటు లేదు. కాబట్టి ఆ పాదాన్ని వచనంలోని అనువాదానికి సాక్ష్యంగా తేవడం అంత క్షేమం కాదు.

విజయనగరం సభ్యుడు: ఆ నడకను తెలుగుకు ఇచ్చినవాడికి మాత్రలు కరవై పదం వదులుకోవలసిన గతి పట్టలేదు. కావాలనుకుంటే పాదాన్ని వేరే విధంగా కట్టి ఉండేవాడు. ‘సొంత లాభం కొంత మానుకు’ అన్నచోట ‘కొంత’ అనే మాటను ఎంత జాగ్రత్తగా పెట్టాడో చూడండి. అక్కడ కొలత కావాలనుకున్నాడు, పెట్టాడు. ‘మట్టి కాదోయ్’ దగ్గర కొలత వద్దనుకున్నాడు, పెట్టలేదు.

కాకినాడ సభ్యురాలు: నేను 34 ఏళ్ళు వార్డుల్లో పనిచేసి రిటైరైన నర్సును. వ్యాకరణం మీ అంతగా తెలియదు కాని, కావెల్ గురించి శిక్షణ రోజుల నుంచి శ్రద్ధగా చదివాను. ఆమె నార్‌ఫోక్‌లోని స్వార్డెస్టన్ గ్రామ మతగురువు కూతురు. లండన్ హాస్పిటల్‌లో శిక్షణ పొంది, 1907లో ఆంత్వాన్ దెపాజ్ అనే సర్జన్ పిలుపు మీద బ్రస్సెల్స్ వెళ్ళి, బెల్జియంలో కొత్తగా పెట్టిన నర్సుల శిక్షణ పాఠశాలకు మేట్రన్ అయింది. 1914 ఆగస్టులో జర్మన్ సైన్యం నగరాన్ని ఆక్రమించినప్పుడు ఆ పాఠశాల రెడ్‌క్రాస్ ఆసుపత్రిగా మారింది. గాయపడి వచ్చినవాడు జర్మన్ అయినా అక్కడ వైద్యం అందింది. మోన్స్ యుద్ధం తరువాత తమ దళాల నుంచి విడిపోయి బెల్జియంలోనే చిక్కుకుపోయిన బ్రిటిష్, ఫ్రెంచ్ సైనికులను అదే పైకప్పు కింద దాచి, దొంగ కాగితాలూ డబ్బూ దారి చూపే మనుషులూ సమకూర్చి, తటస్థంగా ఉన్న హాలెండ్ సరిహద్దుకు పంపించింది. అలా దాటినవారు సుమారు 200 మంది.

ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ మాట ఆమెకు జైలులో కొత్తగా తట్టినది కాదని నాకు అనిపిస్తుంది. దేశభక్తి లేని మనిషి ఆ 200 మంది కోసం ప్రాణాల మీదికి తెచ్చుకోదు. దేశభక్తి తప్ప మరేమీ లేని మనిషి జర్మన్ సైనికుడి పుండు కడగదు. మీరంతా ‘ఒక్కటే’ దగ్గర ఆగిపోయారు కాని, నాకు రెండో వాక్యంలోని ‘కసి’ గురించి అడగాలని ఉంది. మూలంలోని ‘బిటర్‌నెస్’ అనే మాటకు అది సరిపోతుందా? కసి ఉన్నవాడు తిరిగి కొట్టాలని చూస్తాడు. ఆమె చెప్పింది, అన్యాయం జరిగిన తరువాత లోపల మిగిలిపోయే చేదు గురించి. ఎంతో బాగా చూసుకున్న రోగి తిట్టి వెళ్ళిపోయినప్పుడు మాకు కలిగేది కసి కాదు, చేదే.

తెనాలి సభ్యుడు: సిస్టర్ గారూ, ‘మనసు చేదైంది’ అని మనం అంటాం కాని, ‘ఎవరి మీదా చేదు ఉండరాదు’ అంటే తెలుగు వాక్యం నిలబడదు. ‘మీద’ అనే మాటకు ‘కసి’, ‘కోపం’, ‘కక్ష’ వంటివే అతుకుతాయి. అనువాదకుడు అందుకే ఆ మాట తీసుకొని ఉంటాడు.

వరంగల్ సభ్యురాలు: సిస్టర్ గారు చెప్పిన సంగతి నా వాదానికే బలమిస్తున్నది. అక్టోబరు 12 తెల్లవారుజామున షార్‌బేక్‌లోని తీర్ నాసియోనాల్ అనే తుపాకి శిక్షణ మైదానానికి ఆమె వెంట వెళ్ళింది గాహన్ కాదు, లె సూర్ అనే జర్మన్ మతగురువు. ఆయన చెప్పినదాని ప్రకారం, తన ఆత్మ క్షేమంగా ఉన్నదని, దేశం కోసం మరణించడం తనకు సంతోషమేనని తనవారికి తెలియజేయమని ఆమె చివరగా కోరింది. రాత్రి ‘దేశభక్తి చాలదు’ అన్న మనిషే ఉదయం ‘దేశం కోసం మరణించడం సంతోషం’ అన్నదంటే, మొదటి మాటలో తిరస్కారం లేదు. దేశభక్తి కావాలి, దానితో పాటు మరొకటి కూడా కావాలి అన్నదే ఆమె భావం. ఆ ‘మరొకటి’ని తెలుగులో చూపించగలిగేది ‘ఒక్కటే’. అది లేని వాక్యాన్ని ఈనాడు ఎవరైనా విడిగా ఎత్తి రాస్తే, ఆమె దేశభక్తిని తోసివేసినట్లు చదివేవారు ఉంటారు.

విజయనగరం సభ్యుడు: విడిగా ఎత్తి రాయడమే తప్పు. ఆ తప్పుకు తగినట్లుగా వాక్యాన్ని మార్చడం రెండో తప్పు.

మరొక మాట. ‘చాలు’ అనే క్రియకు సరిపోవడం ఒక్కటే అర్థం కాదు. ‘చెప్పజాలను’, ‘చేయజాలడు’ అన్నప్పుడు అదే క్రియ శక్తిని చెబుతుంది. ‘వాడు దీనికి చాలడు’ అంటే వాడికి ఆ సామర్థ్యం లేదని. ఆ అర్థంలో చదివితే ‘దేశభక్తి చాలదు’ అన్నది పరిమాణం గురించిన వాక్యమే కాదు. చావు ఎదుట, శత్రువు ఎదుట మనిషిని నిలబెట్టడానికి దేశభక్తికి శక్తి చాలదు అని చెబుతున్నది. ‘ఒక్కటే’ వచ్చి చేరగానే ఆ అర్థం వెనక్కి పోయి, లెక్క మాత్రం మిగులుతుంది. ఇంగ్లీషు మాటలో లేని ఈ లోతు తెలుగు క్రియలో ఉన్నప్పుడు దాన్ని ఎందుకు వదులుకోవాలి?

వరంగల్ సభ్యురాలు: మూలంలో లేదని ‘ఒక్కటే’ను కాదన్నవారు, మూలంలో లేని లోతును మాత్రం ఉంచమంటున్నారు. ఈ రెంటికీ ఒకే కొలత ఉండాలని మనవి.

తెనాలి సభ్యుడు: ‘చాలు’ గురించి మాట్లాడుతూ వేమన పద్యాన్ని ఇంతవరకు ఎవరూ తలచకపోవడం ఆశ్చర్యంగా ఉంది. ‘చంపదగినయట్టి శత్రువు తనచేత, చిక్కెనేని కీడు సేయరాదు, పొసగ మేలుచేసి పొమ్మనుటే చాలు.’ సిస్టర్ గారు చెప్పిన జర్మన్ క్షతగాత్రుల వార్డుకు ఇంతకంటే దగ్గరగా వచ్చే పద్యం నాకు తెలియదు. అక్కడ దేశభక్తి ‘చాలదు’ అవుతుంటే, ఇక్కడ శత్రువుకు మేలుచేసి పంపడం ‘చాలు’ అవుతున్నది.

విజయనగరం సభ్యుడు: నేను విన్న పాఠం ‘పొమ్మనుటే మేలు’.

తెనాలి సభ్యుడు: ఆ పాఠమూ వాడుకలో ఉంది, గణాలు కూడా చెడవు. ‘పొమ్మను’ భగణం, ‘టేచాలు’ అయినా ‘టేమేలు’ అయినా తగణమే. అయితే అదే పాదంలో ‘మేలుచేసి’ అని ఒకసారి వచ్చిన తరువాత మళ్ళీ ‘మేలు’ రావడం నా చెవికి ఒప్పదు. ‘చాలు’ అంటే ఇక పగకు అక్కడితో ముగింపు అని తేలుతుంది. గమనించవలసినది మరొకటి ఉంది. అక్కడ ‘టే’ను హ్రస్వం చేసి ‘పొమ్మనుటె చాలు’ అని చదివితే జగణం పడి ఆటవెలది చెడిపోతుంది. అంటే నొక్కి చెప్పే ఆ ఏకారం దీర్ఘంగా నిలవాలని పద్యమే పట్టుబడుతున్నది. మన వాక్యంలోని ‘ఒక్కటే’ చివరనున్నదీ అదే ఏకారం.

వరంగల్ సభ్యురాలు: ఆ ఏకారం గురించే ఒక సందేహం. ‘దేశభక్తే చాలదు’ అని రాస్తే ‘ఒక్కటే’ అనే పదం లేకుండానే పని జరుగుతుందా?

తెనాలి సభ్యుడు: జరగదు. ‘ఉప్పే చాలదు’ అంటే మిగతావన్నీ సరిపోయాయి, తక్కువైంది ఉప్పు ఒక్కటేనని అర్థం. మీరు తప్పించాలనుకున్న అర్థాన్నే ఆ ఏకారం మరింత బిగిస్తుంది.

లండన్ సభ్యుడు: సేంట్ మార్టిన్స్ ప్లేస్‌లో ఆమె విగ్రహం నేను పనికి వెళ్ళే దారిలోనే ఉంది. ఫ్రాంప్టన్ చెక్కిన ఆ స్మారకాన్ని 1920లో ఆవిష్కరించినప్పుడు దాని మీద ఈ వాక్యం లేదు. పైన మానవత అనే మాట, రాజు కోసం, దేశం కోసం అనే మాటలు, మరణించిన తేదీ ఉన్నాయి. లేబర్ ప్రభుత్వం వచ్చాక 1924లో కాని ఈ రెండు వాక్యాలను చేర్చలేదు. రాజు కోసం, దేశం కోసం అన్న అక్షరాల కిందుగా దేశభక్తి చాలదన్న అక్షరాలు కనిపిస్తాయి. ఆ రాయి మీద మాత్రం వరంగల్ అమ్మగారు భయపడిన అపార్థానికి తావు లేదు. అలాగే విజయనగరం మాస్టారు చెప్పినట్లు రెండు వాక్యాలూ విడిపోకుండా ఉన్నాయి.

విజయనగరం సభ్యుడు: కృతజ్ఞతలు. నేను చెబుతున్నది ఆ రాతి మీద ఉన్నది.

వరంగల్ సభ్యురాలు: నేను చెబుతున్నదీ ఆ రాతి మీదనే ఉన్నది, రాజూ దేశమూ పైన ఉన్నాయి కనుక.

గుంటూరు సభ్యుడు: అందరికీ నమస్కారాలు. నేను అడిగింది ఆ పాఠ్యపుస్తకంలో ఏమని అచ్చయిందన్నది, అది ఇంకా తేలలేదు. నిన్న రాత్రి తెనాలి వారి ‘ఏకారం’ చదివాక మాస్టారి గొంతు మరికొంచెం గుర్తుకు వచ్చింది. ఆయన ఆగేముందు ఏదో ఒక దీర్ఘం పలికేవారు. అది ‘ఒక్కటే’ చివరి దీర్ఘమే కావచ్చు, ‘దేశభక్తీ’ అని ఆయన సాగదీసి చదివే అలవాటూ కావచ్చు.

కాకినాడ సభ్యురాలు: బాబూ, పుస్తకం దొరికినప్పుడు రెండో వాక్యం కూడా చూసి చెప్పండి. అక్కడ ‘కసి’ అనే ఉన్నదా, మరొక మాట ఉన్నదా?