‘పోగొట్టుకున్నాను’ అంటే ఎప్పుడూ సింపుల్ పాస్టేనా?

సందేహి
తెలుగు వాక్యం ‘శాను, చ్చాను, న్నాను’ అని ముగిస్తే ఇంగ్లీషులో సింపుల్ పాస్ట్ రాయాలని నాకు బడిలో నేర్పారు, ఇన్నేళ్ళూ అలాగే రాస్తూ వచ్చాను. మొన్న ‘తాళంచెవి పోగొట్టుకున్నాను’ అన్న వాక్యాన్ని నేను ‘ఐ లాస్ట్ ద కీ’ అని రాస్తే, ఒక మిత్రుడు అక్కడి సందర్భానికి ‘ఐ హావ్ లాస్ట్ ద కీ’ అనాలని దిద్దాడు. నేను నేర్చుకున్న సూత్రమే తప్పా?

బల్లముందు మాస్టారు
సూత్రం తప్పు కాదండీ. అది తొలి మెట్టు. ‘నిన్న’, ‘పోయిన వారం’, ‘2015లో’ వంటి ముగిసిపోయిన కాలం వాక్యంలో ఉంటే సింపుల్ పాస్ట్ రాయాలి. ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ అనడం తప్పు. ఇంతవరకు గట్టిగా వస్తే మిగిలినది తర్వాత చూసుకోవచ్చు. నా దృష్టిలో అసలు సమస్య ‘డిడ్ నాట్ వెంట్’. ఎన్నిసార్లు దిద్దినా పిల్లలు అదే రాస్తారు.

అనువాదకురాలు
మాస్టారూ, అడిగిన ప్రశ్న ‘డిడ్ నాట్ వెంట్’ గురించి కాదు. ‘పోగొట్టుకున్నాను’ అనే ఒక్క తెలుగు రూపం ఇంగ్లీషులో రెండు రూపాలకు సమానమవుతోంది. ‘లాస్ట్’ అంటే ఆ సంఘటన గతంలో జరిగిందని మాత్రమే తెలుస్తుంది, తాళంచెవి తర్వాత దొరికిందో లేదో అందులో ఉండదు. ‘హావ్ లాస్ట్’ అంటే ఇప్పటికీ దొరకలేదని, తలుపు ముందే నిలబడి ఉన్నానని వినేవారికి తోస్తుంది. చిక్కు అటువైపు నుంచి కూడా ఉంది. ‘చిన్నప్పుడు రోజూ ఈదేదాన్ని’ అనడానికి మనకు వేరే రూపం ఉన్నది కానీ, ఇంగ్లీషులో దానికీ ‘స్వామ్’ సరిపోతుంది. మీ సూత్రం పట్టుకున్నవారికి ఈ రెండో సంగతి ఎన్నటికీ తట్టదు.

దారినపోయేవాడు
అమెరికా వారు ‘డిడ్ యు ఈట్ యెట్?’ అని మామూలుగానే అంటారు, బ్రిటన్‌లో ‘హావ్ యు ఈటెన్ యెట్?’ అనడమే ఎక్కువ. కాబట్టి సందేహి గారి వాక్యాన్ని పూర్తిగా తప్పనలేము.

బల్లముందు మాస్టారు
‘డిడ్ నాట్ వెంట్’ ఎందుకు ముఖ్యం కాదో నాకు అర్థం కావడం లేదు. గతం ‘డిడ్’లోకి వెళ్ళిపోయింది, ఇక క్రియ మూలరూపానికి తిరిగి రావాలి అన్న సంగతి తలకెక్కకపోతే, పైన చెప్పిన సూక్ష్మాలన్నీ వృథా.

అనువాదకురాలు
దానికి జవాబు తెలుగులోనే ఉంది. ‘వెళ్ళాను’కు వ్యతిరేకం ‘వెళ్ళానులేదు’ కాదు, ‘వెళ్ళలేదు’. క్రియ తన గతరూపాన్ని విడిచిపెడుతుంది, ‘లేదు’ అన్ని పురుషలకూ మారకుండా నిలుస్తుంది. ‘డిడ్ నాట్ గో’లో జరిగేదీ దాదాపు ఇదే. తన భాషలో ఎన్నడూ ఈ తప్పు చేయని పిల్లవాడికి ఆ పోలిక ఒక్కసారి చూపిస్తే చాలు.

బల్లముందు మాస్టారు
ఇంతకుముందు తెలుగుతో జత కలపడమే తప్పన్నారు. ఇప్పుడు మీరే తెలుగుతో జత కలుపుతున్నారు. పైగా ‘వెళ్ళలేదు’ అంటే ‘హావ్ నాట్ గాన్’ కూడా కావచ్చు కదా? పదిహేడేళ్ళుగా పాఠం చెబుతున్న వాణ్ణి, నా పద్ధతి వల్ల పిల్లలు చెడిపోయారన్నట్టు మాట్లాడుతున్నారు.

అనువాదకురాలు
తెలుగు వద్దని నేను ఎక్కడా అనలేదు, ఒక ప్రత్యయాన్ని ఒక టెన్స్‌కు ముడివేయవద్దన్నాను. చెడిపోయింది ఎవరో కూడా చెబుతాను. ‘చేశాను’ అంటే ‘డిడ్’, ‘చేసేదాన్ని’ అంటే ‘వాజ్ డూయింగ్’ అని నాకూ పట్టిక ఇచ్చి బట్టీ పట్టించారు. ఒక ఉద్యోగ సంభాషణలో పాత పని గురించి అడిగితే ‘ఐ వాజ్ చెకింగ్ లెటర్స్ ఎవ్రీ డే, ఐ వాజ్ రైటింగ్ రిప్లైస్’ అంటూ ప్రతి వాక్యమూ అలాగే చెప్పాను. ఎదుటివారు కాసేపు ఆగి, ‘అలా చేస్తుండగా ఏం జరిగింది?’ అని అడిగారు. ఏదో సంఘటనకు నేను నేపథ్యం చెబుతున్నానని వారు అనుకున్నారు. ‘చెక్డ్’, ‘రోట్’ అంటే సరిపోయేదని నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత. ఆ పట్టిక సగమే నిజమని నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు.

సందేహి
నా విషయంలోనూ అదే జరిగింది. సూత్రం ఇచ్చారు గానీ దాని హద్దు ఎక్కడో చెప్పలేదు.

బల్లముందు మాస్టారు
మీకు జరిగినదానికి నిజంగా బాధపడుతున్నాను. అయితే నా వైపు నుంచి కూడా చూడండి. అరవైమంది పిల్లలు, నలభై నిమిషాలు. ‘పుట్’ గతంలోనూ ‘పుట్’ గానే ఉంటుందని, ‘రీడ్’ రాతలో మారకుండా పలుకులో మాత్రం ‘రెడ్’ అవుతుందని, ‘వాక్‌డ్’ చివర ‘ట్’ వినిపిస్తే ‘వాంటెడ్’ చివర ‘ఇడ్’ వినిపిస్తుందని చెప్పేలోపే గంట కొడతారు. మొదటిరోజే ‘ఈ సూత్రం సగమే నిజం’ అంటే నోరు తెరిచి ఒక్క వాక్యం చెప్పే పిల్లవాడు ఉండడు. సగం నిజమని తెలిసే చెబుతున్నాను, దాచాలని కాదు.

అనువాదకురాలు
అయితే మన తగాదా టెన్స్ గురించి కాదన్నమాట. సగం నిజం చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. మిగతా సగం చెప్పేవారు ఎవరన్నదే నా ప్రశ్న. మీరు పై తరగతి వారు చెబుతారనుకుంటారు, వారు కింది తరగతిలో అయిపోయిందనుకుంటారు.

దారినపోయేవాడు
‘ఇదిగో వచ్చేశాను’ అని ఇంకా బయలుదేరకుండానే అంటాం. పిల్లలకు హద్దు చూపించడానికి ఈ ఒక్క వాక్యం చాలదా? అందులో గతరూపం ఉంది గానీ గతం లేదు. ఇంగ్లీషులో ‘ఇఫ్ ఐ న్యూ’ (నాకు తెలిస్తే) అన్నదానిలో కూడా అంతే.

బల్లముందు మాస్టారు
ఆ ఉదాహరణ బాగుంది, తీసుకుంటాను. ‘నిన్న ఉంటే సింపుల్ పాస్ట్’ అన్న వాక్యాన్ని మాత్రం బోర్డు మీద నుంచి తుడవను. దాని కిందనే ‘నిన్న లేకపోతే?’ అని రాసి వదిలిపెడతాను.

అనువాదకురాలు
వదిలిపెట్టి ఎన్నాళ్ళకు జవాబు చెబుతారు?

బల్లముందు మాస్టారు
మరుసటి వారం. తాళంచెవి వాక్యంతోనే మొదలుపెడతాను.